ఇల్లు మారాక నన్ను మళ్ళీ రాతకి కూర్చోబెట్టిన సిరా పెన్ను

ఆరేళ్ళ కిందట రాజమండ్రిలో కొన్న పెన్ను ఇది. 1932లో రత్నం పెన్నులు మొదలైన ఊరు, గాంధీగారికి స్వదేశీ పెన్ను చేసి పంపిన ఊరు కదా. నల్లటి ఎబొనైట్‌ని, అంటే గట్టిపరచిన రబ్బరుని, లేతు మీద తిప్పి చేశారు. రీఫిల్ ఉండదు. పాళీ ఉన్న భాగాన్ని మర తిప్పి ఊడదీసి, డ్రాపర్‌తో సిరా నేరుగా గొట్టంలోకి పోసుకోవాలి.

రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేచి దీంతో ఒక పేజీ రాసేదాన్ని. పోయిన వేసవిలో హైదరాబాద్‌కి, మియాపూర్‌కి మారాం. పాలు పొంగించిన రోజు నుంచీ రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూనే మూడు నెలలు గడిచిపోయాయి. ఫోన్‌లో టైపు చేసి చూశాను. రాసిన వాక్యాన్నే చెరుపుతూ కూర్చున్నాను తప్ప రెండో పేరాకి పోలేదు.

చివరికి ఈ పెన్ను వంటసామాను అట్టపెట్టెలో, ఇత్తడి గ్లాసుల మధ్య, పాత తువ్వాలులో చుట్టి దొరికింది. సిరా కడగకుండా సర్దేశాను, తప్పు నాదే. పాళీ కింద అంతా గడ్డకట్టింది. రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టాను. (వేణ్ణీళ్ళు వద్దు, ఎబొనైట్ మెరుపు పోతుంది.) పొద్దున చూస్తే గ్లాసులో నీళ్ళన్నీ నీలం. పాళీ తుడిచి, సిరా పోసి, కరెంటు బిల్లు వెనక మా ఊరి పేరు రాశాను. మొదటి రెండక్షరాలు పడలేదు. మూడోది పడింది. ఆ కాగితం నిండేదాకా లేవలేదు.

మా ఇంట్లో రాతబల్ల ఎక్కడ వేయాలో ఇంకా తేలలేదు. అయినా ఆ మర తిప్పి, చుక్క చుక్కగా సిరా పోసి, చేతులు తుడుచుకునే రెండు నిమిషాల్లో మనసు రాత మీదికి వచ్చేస్తుంది. చెరపడానికి వీల్లేదు కాబట్టి వాక్యం ముందుకే పోతుంది. నాకు కావలసింది అదే.

కొనేవాళ్ళకి రెండు మాటలు. సిరా సగానికి తగ్గాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బొట్టు జారుతుంది. డ్రాపర్‌తో నింపే పెన్నులన్నిటికీ ఉన్న గుణమే ఇది, సగం కాగానే నింపేసుకోండి. బొమ్మలు గీసే ఇండియన్ ఇంకు మాత్రం పోయకండి, పాళీ పూడుకుపోతుంది. పల్చటి కాగితం మీద అక్షరం పాకుతుంది, కాస్త మందం కాగితాలున్న నోటుపుస్తకం తీసుకోండి. బస్సుల్లో, రైళ్ళలో రాసుకునేవాళ్ళకి నేను దీన్ని చెప్పను.

ఇప్పుడు వంటగట్టు పక్కన స్టూలు వేసుకుని ఐదింటికే కూర్చుంటున్నాను. రెండో నోటుపుస్తకం సగానికి వచ్చింది.