రోమ్‌లో సిస్టర్ల గెస్ట్‌హౌస్: స్వెట్టర్ మరిచిపోకండి

2025 అక్టోబరు చివరి వారం కాథలిక్కుల పుణ్య సంవత్సరం, అదే జూబిలీ, యాత్రకని మేమిద్దరం రోమ్ వెళ్లాం. హోటల్ రేట్లు చూసి మా ఆయన నోరు వెళ్లబెడితే, మా చర్చి ఫాదర్‌గారు ఒక మఠం వాళ్ల గెస్ట్‌హౌస్ ఈమెయిల్ ఇచ్చారు. పేరు రాయను, కింద ఫిర్యాదులున్నాయి కదా. వాటికన్ గోడ పక్కనున్న పోర్తా కావల్లెజ్జేరి అనే పాత గేటు నుంచి పది నిమిషాల నడక, అంతా ఎత్తే. తెర్మినీ స్టేషన్ దగ్గర 64 నంబరు బస్సెక్కితే ఆ గేటు దగ్గర దిగొచ్చు. హ్యాండ్‌బ్యాగు పొట్టకి ఆనించి పట్టుకోండి, ఆ బస్సు జేబుదొంగలకి పెట్టింది పేరు.

రెండు మంచాల గది, టిఫినుతో కలిపి రోజుకి 90 యూరోలు. సిటీ ట్యాక్స్ వేరే, అదీ నోట్లే ఇవ్వాలి. టిఫినంటే రాయిలాంటి బన్ను, జామ్, పాలకాఫీ. గది మాత్రం అద్దంలా ఉంది, దుప్పట్లు ఇస్త్రీ వాసన. కానీ చలి! నవంబరు వచ్చేదాకా హీటర్లు వేయకూడదట, ఊరంతా అదే రూలట.

రాత్రి పదకొండుకి తలుపు తాళం. రెండో రోజు మేం ఐదు నిమిషాలు ఆలస్యం. మఠానికి పెద్ద అయిన మదర్‌గారే శాలువా కప్పుకుని వచ్చి తీశారు. ఒక్క మాట అనలేదు, గోడ గడియారం వైపు చూశారంతే. గుంటూరు కాన్వెంటులో ఏడో తరగతి గుర్తొచ్చింది నాకు.

డెబ్బై దాటిన మనిషి. బుకింగులు, బాయిలర్ రిపేరు, తొమ్మిది మంది సిస్టర్ల డ్యూటీలు అన్నీ ఆవిడ చేతి మీదే. ప్లంబరు చెప్పిన రేటు విని ఆవిడ చెయ్యి ఊపిన తీరుకి నాకు భాష రాకపోయినా సగానికి సగం తగ్గిందని అర్థమైంది.

మా ఆయన మాత్రలకి వేన్నీళ్లు ఫ్లాస్కులో పోసిచ్చే సిస్టర్ ఏలూరు వైపు పిల్ల. "ఈ ఇంటికి మా మదర్, ఆ వాటికన్ గోడ అవతల సిస్టర్ రఫాయెల్లా" అంది నవ్వుతూ. నిజమే. 2025 మార్చి 1 నుంచి వాటికన్ సిటీ పరిపాలన సిస్టర్ రఫాయెల్లా పెత్రీనీ చేతిలో ఉంది. మేం క్యూలో నిలబడ్డ మ్యూజియం, కార్డులు పోస్టు చేసిన పోస్టాఫీసు ఆవిడ కిందివే. అదే ఏడు జనవరిలో మఠవాసుల వ్యవహారాలు చూసే వాటికన్ శాఖకి సిస్టర్ సిమోనా బ్రాంబిల్లాని ప్రిఫెక్టుగా, అంటే శాఖకి పెద్దగా, వేశారు, ఆ పదవిలో మొదటి మహిళ. పక్కన ఒక కార్డినల్‌గారిని ప్రో-ప్రిఫెక్టుగా పెట్టారనుకోండి, అది వేరే సంగతి. మా గుంటూరు సంగతే చూడండి: నేను పుట్టిన సెయింట్ జోసెఫ్ ఆస్పత్రికి పునాది వేసిన డాక్టర్ మేరీ గ్లౌరీ 1920లో ఆస్ట్రేలియా నుంచి గుంటూరొచ్చి జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) సిస్టర్ల మఠంలో చేరారు. సిస్టరయ్యాక కూడా వైద్యం చేయడానికి పోపుగారి ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది ఆవిడకి.

ఇక అసలు ఫిర్యాదు. ఆదివారం ఏడింటికి ఇంట్లోనే పూజ అన్నారు. పూజ చేయడానికి బయటినుంచి రావలసిన ఫాదర్ రాలేదు. కొవ్వొత్తులు వెలుగుతున్నాయి, పూలు పెట్టారు, అప్పం సిద్ధం, మొదటి పఠనం చదివే సిస్టర్ పుస్తకం తెరిచి నిలబడింది. ఇంటి తాళాలన్నీ దగ్గరుంచుకునే మదర్‌గారు ముందు బెంచీలో మాలాగే గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. ఉండబట్టలేక ఏలూరు సిస్టర్ చెవిలో "మదర్‌గారే పూజ పెట్టేస్తే?" అన్నాను. "ఊరుకోండమ్మగారూ" అని ముసుగు సర్దుకుంది. నవ్విందో లేదో కనబడలేదు. ఎనిమిదింటికి ఫోనొచ్చింది, రారట. మదర్‌గారు లేచి కొవ్వొత్తులు ఆర్పి, కోటు వేసుకుని, మమ్మల్నందర్నీ పేతురుగారి బసిలికాకి నడిపించారు.

ఐదుకి నాలుగు స్టార్లు. తగ్గించిన ఒకటి బన్నుకి, చలికి. ఆదివారం సంగతి మదర్‌గారి ఖాతాలో వేయడం లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది అంతస్తు గది ముందే అడగండి, లిఫ్టు రెండో అంతస్తు దాకానే.