ట్రేస్: సరకు వెంట అడవి దాకా వెళ్లే వెబ్‌సైట్

అంతర్జాతీయ వాణిజ్యం వల్ల పర్యావరణానికి జరుగుతున్న నష్టాన్ని లెక్కగట్టేటప్పుడు సాధారణంగా దేశాల పేర్లూ టన్నుల అంకెలే ముందుకు వస్తాయి గాని, ఆ సరకు ఏ నేల మీద పండిందన్న ప్రశ్న వెనకబడిపోతుంది. స్టాక్‌హోమ్ ఎన్విరాన్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, గ్లోబల్ కానపీ సంస్థలు కలిసి 2016లో ప్రారంభించిన ‘ట్రేస్’ వెబ్‌సైట్ ఆ ప్రశ్నకే జవాబు వెతుకుతుంది. బ్రెజిల్ సోయా, గొడ్డు మాంసం, ఇండొనేసియా పామాయిల్ వంటి సరకులు ఏ ప్రాంతంలో ఉత్పత్తయి, ఏ వ్యాపార సంస్థ చేతుల మీదుగా, ఏ దేశానికి చేరాయో ఇందులో ఉచితంగా చూడవచ్చు.

బ్రెజిల్ సోయా పటం దీనికి మంచి ఉదాహరణ. ఒక కొసన పండించిన ప్రాంతాలు, మరో కొసన కొనుగోలు చేసిన దేశాలు, నడుమ ఎగుమతిదారులు ఉంటారు. వీటిని కలిపే పట్టీల మందం సరకు పరిమాణాన్ని బట్టి మారుతుంది. టన్నుల లెక్కను వదిలి అటవీ నిర్మూలన కొలమానాన్ని ఎంచుకుంటే, దశాబ్దాలుగా సాగులో ఉన్న పరానా వంటి రాష్ట్రాల వాటా తగ్గిపోయి, సెరాడో అనే సవన్నా భూములు (అక్కడక్కడా చెట్లుండే గడ్డి నేలలు) ఇటీవలి కాలంలో సాగులోకి వచ్చిన మతొపీబా ప్రాంతం పైకి వస్తుంది. కోళ్లకూ పందులకూ దాణాగా వెళ్లే సోయా అంతా ఒకటే అయినా, దాని వెనక ఉన్న నష్టం ఒకటి కాదని ఇంత సూటిగా చూపించే సాధనం నాకు మరొకటి కనబడలేదు. జాతీయ సగటుల మీద ఆధారపడే నివేదికలు ఈ తేడాను పూర్తిగా మింగేస్తాయి.

అయితే ఆ పట్టీలన్నీ నేరుగా చూసి రాసిన లెక్కలు కావు. కస్టమ్స్ పత్రాలు, ఓడల సరకు రవాణా రికార్డులు, గోదాముల వివరాలు, ఉపగ్రహ చిత్రాల నుంచి తీసిన భూవినియోగ సమాచారం కలిపి, తెగిపోయిన లంకెల దగ్గర గణిత నమూనాతో అంచనా వేస్తారు. బ్రెజిల్ విషయంలో ఆ అంచనా మునిసిపాలిటీ స్థాయి దాకా వెళ్తుంది. వినడానికి చిన్న విభాగంలా ఉన్నా, పరా రాష్ట్రంలోని అల్తామిరా మునిసిపాలిటీ ఒక్కటే గ్రీసు దేశం కంటే పెద్దది! అంత విస్తీర్ణంలో అడవి నరికిన పశువుల పెంపకందారునికీ నరకని పొరుగువాడికీ ఒకే మచ్చ అంటుతుంది.

ఇంతకన్నా లోతైన ఇబ్బంది మరొకటుంది. పాత పచ్చిక బయలులో సోయా వేస్తే ఆ పంట లెక్కలో శుభ్రంగానే కనిపిస్తుంది, కాని అక్కడి నుంచి కదిలిన పశువుల మందకోసం ఇంకెక్కడో అడవి పడిపోవచ్చు. సరకు వెంట మాత్రమే నడిచే పద్ధతికి ఈ పక్కదారి అందదు. బ్రెజిల్ గొడ్డు మాంసంలో అధిక భాగం ఆ దేశంలోనే ఖర్చవుతుంది కనుక, ఎగుమతుల పట్టీలనే చూస్తూ నేరమంతా విదేశీ కొనుగోలుదారుల మీదికి నెట్టడమూ సరికాదు. సమాచారం కొన్నేళ్లు వెనకబడి ఉంటుందని కూడా గమనించాలి.

పరిశోధకులకూ విలేకరులకూ నేను దీన్ని నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. యూరప్ మార్కెట్‌కు సరకు పంపే వ్యాపారులకు మాత్రం ఇది చాలదు. 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన భూమిలో పండిన సోయా, కాఫీ, కోకో వంటి సరకులను అడ్డుకోవడానికి యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం, పొలం ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా చెప్పమంటుంది. ఆ చట్టం నిర్వచనం ప్రకారం సెరాడోలో చాలా భాగం అసలు అడవి కిందికే రాదు. చట్టం పట్టించుకోని ఆ నేలల పరిస్థితి తెలుసుకోవాలనుకునేవారికి ట్రేస్ బాగా ఉపయోగపడుతుంది.