జున్నుతో ఆదివారం: కబ్బన్ పార్కా, ఇందిరానగరా?

"కుక్కను తీసుకుని పబ్బుకా? ఇంకా ఏమేం వినాలో!" అని అనంతపురం నుంచి మా అమ్మ ఫోన్లో నెత్తి కొట్టుకుంటుంది. బెంగళూరులో అది మామూలైపోయింది. మా జున్ను నాటు కుక్క, నాలుగేళ్లది. దాంతో తిరగ్గా తిరగ్గా మాకు రెండు దారులు మిగిలాయి. కబ్బన్ పార్కులో నడిచి చర్చ్ స్ట్రీట్‌లో ఏదో పబ్బులో కూర్చోవడం ఒకటి, ఇందిరానగర్ డిఫెన్స్ కాలనీ చుట్టి దగ్గర్లోని బ్రూవరీకి, అంటే బీరు అక్కడే తయారుచేసే పబ్బుకి, వెళ్లడం రెండోది. లాల్‌బాగ్‌లోకి కుక్కల్ని రానివ్వరు కాబట్టి ఆ మాటే లేదు.

నడకకైతే కబ్బన్‌కు సాటి లేదు. 1870లో వేసిన పార్కు, సుమారు 300 ఎకరాలు. ఆదివారం లోపల బండ్లు తిరగనివ్వరు. జున్ను పెళ్లికొచ్చిన పెద్దావిడలా ప్రతి వెదురు పొదనూ ఆగి ఆగి పలకరిస్తుంది. మెట్రోలో కుక్కలకు ప్రవేశం లేదు కాబట్టి ఆటోలోనే రావాలి. ఆటో అతని "నాయి ఇదెయా? ఐవత్తు ఎక్స్‌ట్రా కొడి సార్" (కుక్క ఉందా? యాభై ఎక్కువివ్వండి సార్) తప్పదు.

చిక్కంతా ఆ తర్వాతే. పార్కు బాగుండేది పొద్దున ఏడింటికి, పబ్బులు తెరిచేది మధ్యాహ్నం దగ్గరపడ్డాక. అప్పటికి విక్టోరియా విగ్రహం దగ్గర బయటికొచ్చి, ఎం.జి. రోడ్డు హారన్లు దాటి చర్చ్ స్ట్రీట్ చేరేసరికి, 2018లో పరిచిన ఆ రాళ్లు కాలుతుంటాయి. అరచేతి వెనక వైపు రాయి మీద ఐదు సెకన్లు ఉంచి చూడండి. మీకు చురుక్కుమంటే దాని పాదాలకూ అంతే. పైగా అక్కడ చాలా పబ్బులు మెట్లెక్కాల్సినవి. స్పీకర్ మొదలవగానే జున్ను కుర్చీ కింద దూరింది, చికెన్ ముక్క చూపించినా బయటికి రాలేదు.

ఇందిరానగర్ ఫుట్‌పాత్‌ల గురించి చెప్పుకోకపోవడమే మేలు. కానీ లోపలి వీధుల్లో చెట్ల నీడ ఉంది, సాయంత్రం నాలుగున్నరకు బయల్దేరొచ్చు, కింది అంతస్తులోనే ఆరుబయట బల్లలు వేసిన చోట్లు దొరుకుతాయి. ముందు ఫోన్ చేసి "కుక్కను రానిస్తారా" అని మాత్రమే కాదు, "ఎక్కడ కూర్చోబెడతారు" అని కూడా అడగండి. ఒక చోట సరేనన్నారు, తీరా వెళ్తే బైకుల పార్కింగ్ పక్కన ఎండలో బల్ల వేశారు. ఇంకో చోట, మెనూ కంటే ముందే స్టీలు గిన్నెలో నీళ్లొచ్చాయి. జున్ను సగం తాగి, మిగతాది నా చెప్పుల మీద పోసింది.

బీరు మాత్రం సరదాకైనా నాకించొద్దు. ఆల్కహాల్ ఎలాగూ చెడే, అందులో చేదు కోసం వేసే హాప్స్ అనే పూలు కుక్కలకు విషం.

పబ్బు కూడా ఉండాలంటే నా ఓటు ఇందిరానగర్‌కే. ఒట్టి నడకైతే కబ్బన్, తిరిగొచ్చాక ఇంట్లో కాఫీ. ఇందిరానగర్‌లోనూ ఏడు దాటితే పాటల మోత పెరుగుతుంది. కుక్కల చెవులు మనకంటే చురుకు మరి. జున్ను లేచి, తాడు బిగిసేదాకా గేటు వైపు లాగుతుంది. నేను గ్లాసు కింద పెట్టి బిల్లు తెమ్మంటాను.