పీఎస్‌సీకి ముందు ప్రైవేటు తనిఖీ: ఇంజిన్ రూమ్‌లో పక్కా, బ్యాలస్ట్ దగ్గర డొల్ల

విశాఖ రేవుకొచ్చే విదేశీ ఓడ మీదికి కేంద్ర ప్రభుత్వ మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ (ఎంఎండీ) సర్వేయర్లు పోర్ట్ స్టేట్ కంట్రోల్ (పీఎస్‌సీ: విదేశీ ఓడలపై రేవు దేశం చేసే) తనిఖీకి ఎప్పుడైనా ఎక్కొచ్చు. దొరికిన లోపాలు ఈ తనిఖీల కోసం ఇక్కడి దేశాలు చేసుకున్న హిందూ మహాసముద్ర ఎంవోయూ (ఒప్పందం) రికార్డుకెక్కుతాయి. తర్వాతి రేవు వాళ్లు అది చూసుకునే గ్యాంగ్‌వే ఎక్కుతారు. అందుకే ఓడను ముందే ఒకసారి చూసిపెట్టే ప్రైవేటు సేవలకు గిరాకీ. విశాఖలో మాజీ మెరైన్ అధికారులు నడిపే ఒక సంస్థ సేవ గురించి ఈ రివ్యూ. ఒక చీఫ్ ఇంజనీరు, ఒక కెప్టెన్ వస్తారు, పని ఒక రోజు. ఐదుకు మూడున్నర ఇవ్వొచ్చు.

ఆ మూడున్నరలో ఎక్కువ వాటా ఇంజిన్ రూమ్‌దే. ముందు ఐఓపీపీ (నూనె కాలుష్య నివారణ) సర్టిఫికెట్ సప్లిమెంట్‌లోని ట్యాంకుల పేర్లను ఆయిల్ రికార్డ్ బుక్‌తో సరిపోలుస్తారు. తర్వాత లెక్క. ఓడబ్ల్యూఎస్ (మురికినీటి నుంచి నూనె వేరుచేసే యంత్రం) సామర్థ్యం గంటకు 2.5 ఘనపు మీటర్లు ఉండి, గంటలో 4 పంపినట్లు రాసి ఉంటే ఆ ఎంట్రీ అబద్ధమే. స్లడ్జ్ (నూనె మడ్డి) కూడా అంతే: రోజుకు 25 టన్నుల హెవీ ఆయిల్ కాల్చే ఓడలో 1 నుంచి 1.5 శాతం చొప్పున 250–375 కిలోల స్లడ్జ్ రావాలి. నెల తిరిగినా ట్యాంకు సౌండింగ్ (మట్టం కొలత) కదలకపోతే, అదెక్కడికి పోయిందన్న ప్రశ్న తప్పదు.

15 పీపీఎం అలారం (ఓడబ్ల్యూఎస్ నుంచి వచ్చే నీటిలో పది లక్షల్లో 15 భాగాలకు మించి నూనె ఉంటే మోగేది) పరీక్ష అసలు మెచ్చుకోవాల్సింది. టెస్ట్ బటన్ నొక్కి ఊరుకోరు. ఓడబ్ల్యూఎస్‌ను నీళ్లు బయటికి వదలకుండా రీసర్క్యులేషన్‌లో నడిపి, మురికి నమూనా ఇచ్చి, త్రీవే వాల్వ్ 20 సెకన్లలోపు బిల్జ్ (ఓడ అడుగున చేరే మురికినీటి) ట్యాంకు వైపు తిరుగుతుందా అని గడియారం పెట్టి చూస్తారు. తిరగకపోతే సాధారణంగా రెండు కారణాలు: కంట్రోల్ ఎయిర్ ప్రెషర్ తగ్గడం, వాల్వ్‌ను తిప్పే యాక్చుయేటర్ బిగుసుకోవడం. నమూనా లైనులోకి మంచినీళ్లు వదిలి ఆ వాల్వ్ అలాగే మరిచిపోతే అలారం జన్మలో మోగదు. వాళ్లు ముందు వెతికేది దాన్నే. నీటిని సముద్రంలోకి వదిలే ఓవర్‌బోర్డ్ వాల్వ్ దగ్గర ఫ్లాంజీ (పైపు జోడింపు) విప్పి లోపల నూనె మరక ఉందేమో చూస్తారు. తనిఖీకి ముందు రోజు ఆ బోల్టులకు కొత్త రంగు కొట్టించే చీఫ్‌లు గుర్తుంచుకోవాలి: సర్వేయరు కన్ను పడేది సరిగ్గా అక్కడే.

ఎమర్జెన్సీ జనరేటర్‌ను ప్యానెల్ మీద స్టార్ట్ చేసి చూపిస్తే ఒప్పుకోరు. ఎమర్జెన్సీ స్విచ్‌బోర్డుకు మెయిన్ కరెంటు తీసేసి, 45 సెకన్లలోపు దానంతటదే లోడు ఎత్తుకుంటుందో లేదో చూస్తారు. ఫైర్ డాంపర్ల (మంటలొస్తే గాలి దారులు మూసే రేకుల) హ్యాండిల్ ‘మూసి ఉంది’ అని చూపించినా, డక్ట్ మూత తీసి టార్చి వేస్తారు. ఉప్పుగాలికి లోపలి రేకు జల్లెడైపోవడం మామూలే. లైఫ్‌రాఫ్ట్ దగ్గర హైడ్రోస్టాటిక్ రిలీజ్ (ఓడ మునిగితే నీటి ఒత్తిడికి రాఫ్టును విడిపించే పరికరం) గడువుతో పాటు కట్టిన తీరూ చూస్తారు. రాఫ్టు పెయింటర్ తాడును వీక్ లింక్‌కు (గట్టిగా లాగితే తెగిపోయే లింకుకు) కాకుండా నేరుగా డెక్కుకు కట్టేస్తే, ఓడ మునిగినప్పుడు రాఫ్టునూ వెంట లాక్కుపోతుంది.

డెక్ వైపు పని అంత గొప్పగా లేదు. విశ్రాంతి గంటల షీట్లలో 24 గంటల్లో 10, వారంలో 77 కూడికలు కుదిరాయా అని చూసి వదిలేస్తారు. బంకరింగ్ (ఇంధనం నింపడం) అర్ధరాత్రి జరిగినట్లు ఆయిల్ రికార్డ్ బుక్‌లో ఉండి, అదే వేళ థర్డ్ ఇంజనీరు నిద్రలో ఉన్నట్లు షీటు చెబితే పట్టుకోరు. పీఎస్‌సీ వాళ్లు పట్టుకుంటారు.

బ్యాలస్ట్ (ఓడ నిలకడ కోసం నింపుకునే నీరు) దగ్గర ఇంకా పెద్ద లోటు. డీ-2 ప్రమాణానికి (వదిలే బ్యాలస్ట్ నీటిలో జీవుల సంఖ్యపై పరిమితి) ఓడలు మారాల్సిన గడువు 2024 సెప్టెంబరు 8తో ముగిసింది, 2025 ఫిబ్రవరి నుంచి బ్యాలస్ట్ రికార్డ్ బుక్ నమూనా మారింది. వీళ్లు సర్టిఫికెట్ చూస్తారు, కొత్త బుక్ ఉందో లేదో చూస్తారు, బ్యాలస్ట్ నీటిని శుద్ధిచేసే ప్లాంటును మాత్రం నడపరు. యూవీ దీపాల గంటలు, బైపాస్ వాల్వ్ తెరిచినట్లు అలారం లాగ్‌లో ఉందా, బుక్‌లో రాసిన తేదీలు కంట్రోల్ ప్యానెల్ లాగ్‌తో కలుస్తున్నాయా... ఇవేవీ వాళ్ల జాబితాలో లేవు. ఒప్పందంలో విడిగా రాయించుకోవాలి.

రిపోర్టు మర్నాటికల్లా ఫొటోలతో వస్తుంది. ప్రతి లోపం పక్కన పీఎస్‌సీ కోడ్ వేస్తారు: బయల్దేరేలోపు సరిచేయాల్సిందైతే 17, ఓడను ఆపేసేదైతే 30. ఏది ముందు పట్టుకోవాలో చీఫ్‌కు వెంటనే తెలుస్తుంది.

ఓడ లంగరేశాక మాత్రం వీళ్లను పిలవొద్దు. 15 పీపీఎం అలారం మోగించే ఆయిల్ కంటెంట్ మీటరు పాడైందని ఆ పూట తేలితే కొత్తది ఎక్కడి నుంచి తెస్తారు? ముందటి రేవులోనే చూపించుకుంటే పార్టు తెప్పించే వ్యవధి ఉంటుంది. అదీ కుదరకపోతే క్లాసుకు (ఓడకు సర్టిఫికెట్లిచ్చే సంస్థ), ఫ్లాగ్‌కు (ఓడ రిజిస్టరైన దేశం) చెప్పి కాగితం తెచ్చుకుని, రేవు అధికారులకు మనమే ముందుగా తెలియజేయాలి.