తిరుపతిలో మామూలు బీబీఏనా, బెంగళూరులో క్రియేటివ్ బీబీఏనా?

మా అన్న కూతురు ఈ ఏడు సీఈసీతో ఇంటర్ పాసయింది. వాళ్లది శ్రీకాళహస్తి. కలంకారీ వేసే ఇళ్ల పక్కనే పెరిగింది. బొమ్మ గీయడం దానికి రాదు గానీ, ఏ చీర ఎన్ని రోజుల పనో, చెన్నై షాపతను దాన్ని ఎంతకు బేరమాడి తీసుకెళ్లాడో అడిగితే ఠక్కున చెబుతుంది. మే నెలలో ఒక ఆదివారం రెండు బ్రోచర్లు పట్టుకొని తిరుపతిలో మా ఇంటికొచ్చింది. ఒకటి ఇక్కడి డిగ్రీ కాలేజీలో బీబీఏ, అంటే వ్యాపార నిర్వహణ డిగ్రీ. రెండోది బెంగళూరులో ఒక ప్రైవేట్ యూనివర్సిటీ బీబీఏ. అందులో మీడియా, ఫ్యాషన్, ఈవెంట్ మేనేజ్‌మెంట్, అడ్వర్టైజింగ్ అని స్పెషలైజేషన్లు ఉన్నాయి. "ఏది మేలో నువ్వే చెప్పత్తా" అంది. వెనకే వచ్చిన మా అన్న, "దుడ్ల సంగతి నేను చూసుకుంటా. పాప బాగుపడేది ఎందులోనో అది చెప్పు" అన్నాడు.

నేను తిరుపతిలోనే బీబీఏ చదివాను. 14 ఏళ్లుగా పెళ్లిళ్లు, రిసెప్షన్లు, చిన్న చిన్న కార్యక్రమాల ఏర్పాట్లు చేయిస్తున్నాను. అందుకే ఆ రోజు వాళ్లకు చెప్పిందీ, తర్వాత నెల రోజులు కనుక్కున్నదీ ఇక్కడ రాస్తున్నాను. మన జిల్లాల్లో ఈ ప్రశ్న ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది.

ముందు ఈ క్రియేటివ్ బీబీఏ ఎవరికోసమో తెలియాలి. పాట కట్టేవాళ్లు, చీర మీద బొమ్మ వేసేవాళ్లు, స్టేజీ డిజైన్ చేసేవాళ్లు ఒకవైపు ఉంటారు. వాళ్ల పనికి ధర కట్టి, ఒప్పందం రాసి, తేదీ తప్పకుండా పని అందేలా చూసి, డబ్బు రాబట్టేవాళ్లు ఇంకోవైపు. ఈ డిగ్రీ ఆ రెండోవాళ్లది. "మా అబ్బాయికి ఎడిటింగ్ అంటే పిచ్చి, అందుకే మీడియా బీబీఏలో వేశాం" అనే తల్లిదండ్రులు నాకు చాలామంది తగిలారు. ఆ అబ్బాయికి అక్కడ బ్యాలెన్స్ షీట్ ఎదురవుతుంది. మొదటి ఏడాదే నీరసపడిపోతాడు.

చేతిలో పనున్న పిల్లల దారి వేరు. హైదరాబాద్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో, 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ జాతీయ డిజైన్ సంస్థ (ఎన్ఐడీ)లో నాలుగేళ్ల డిజైన్ డిగ్రీ ఉంది. కడపలో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. పదో తరగతితోనే శిల్పం, కలంకారీ నేర్చుకోవాలంటే తిరుపతిలోనే టీటీడీ వారి శిల్ప కళాశాల ఉంది. మాధవమాలలో చెక్క చెక్కే ఇంటి పిల్లాడు నన్నడిగితే బీబీఏ మాటే ఎత్తను. తర్వాత వ్యాపారం వైపు రావాలనిపిస్తే నిఫ్ట్‌లోనే రెండేళ్ల ఫ్యాషన్ మేనేజ్‌మెంట్ పీజీ చేయొచ్చు. మా మేనకోడలికి చేయి ఆడదు, లెక్క ఆడుతుంది. కాబట్టి పోటీ ఆ రెండు బీబీఏల మధ్యే.

రెండు సిలబస్‌లూ చాప మీద పరిచి, పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ పోయాం. అకౌంట్స్, ఎకనామిక్స్, బిజినెస్ లా, మార్కెటింగ్, స్టాటిస్టిక్స్, హెచ్ఆర్. మొదటి మూడు సెమిస్టర్లు దాదాపు ఒకటే. తేడా అంతా తర్వాతి ఏడు పేపర్లలో ఉంది: మీడియా ఎకనామిక్స్, ఈవెంట్ ప్రొడక్షన్, మేధో సంపత్తి హక్కుల చట్టాలు, బ్రాండ్ కమ్యూనికేషన్, ఫ్యాషన్ రిటైల్, ఇంకో రెండు ప్రాజెక్టులు. ఇక్కడ ఫీజు వేలల్లో ఉంది, అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుంది. అక్కడ హాస్టల్‌తో కలిపి మూడేళ్లకు 11 లక్షల పైమాట. అంటే ఆ ఏడు పేపర్ల కోసం దగ్గర దగ్గర 10 లక్షలు ఎక్కువ పెట్టాలి.

ఆ ఏడు పేపర్లు దండగ అని నేననను. ఎందుకో నా సొంత నష్టమే చెబుతాను.

వ్యాపారం పెట్టిన రెండో ఏడు ఒక పెద్ద పెళ్లి ఒప్పుకున్నాను. కుప్పం నుంచి చామంతి, బెంగళూరు నుంచి రోజాలు, లైటింగ్, స్టేజీ, అన్నిటికీ నా చేతి నుంచే అడ్వాన్సులు ఇచ్చాను. మూడు రోజుల ముందు పెళ్లి వాయిదా పడింది. పూలాయన సరుకు కోయించేశాడు, లైటింగ్ వాళ్లు ఆ తేదీ నాకోసం ఆపుకున్నారు. పెళ్లివారు మాత్రం "పనే జరగలేదు కదమ్మా, మేమెందుకివ్వాలి" అన్నారు. నా దగ్గరున్న కాగితమల్లా ఒక శుభలేఖ వెనక రాసుకున్న ముక్క: అడ్వాన్స్ 40 వేలు ముట్టింది. ఆ ఒక్క పెళ్లిలో 1,80,000 పోయాయి. అప్పు తీరడానికి ఏడాదిన్నర పట్టింది. బాధేమిటంటే, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం నేను బీబీఏలో చదివాను, 68 మార్కులు తెచ్చుకున్నాను. కొటేషన్ కింద "రద్దయినా, వాయిదా పడినా ఎన్ని రోజుల ముందైతే ఎంత శాతం" అని ఒక వాక్యం రాసుకోవాలని మాత్రం క్లాసులో ఎవరూ చెప్పలేదు. ఈవెంట్ల వ్యాపారం చేసిన మనిషి ఆ పాఠం చెప్పి ఉంటే మొదటి క్లాసులోనే చెప్పేవారు.

హక్కుల పేపరూ అంతే. శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. దాంతో తమ బొమ్మను ఎవరూ కాపీ కొట్టలేరని చాలామంది అనుకుంటారు. జీఐ కాపాడేది ఆ పేరును, ఆ ప్రాంతపు పద్ధతిని. ఒక కళాకారుడు సొంతంగా గీసిన బొమ్మ కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది. దాన్నే బట్టల డిజైన్‌గా మిల్లులో అచ్చు వేయడం మొదలుపెడితే ఇంకో చిక్కుంది. డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేసుకోకుండా, యంత్రాల మీద 50 కన్నా ఎక్కువ కాపీలు తీస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. పాటలు రాసేవాళ్లకు, బాణీ కట్టేవాళ్లకు రాయల్టీలో వాటా ఉండాలని 2012లో చట్టం మార్చారు, ఆ సంగతి తెలియక సంతకాలు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇవన్నీ తెలిసిన ఒక్క మనిషి శ్రీకాళహస్తిలో ఉంటే ఎన్ని ఇళ్లకు మేలో! ఈ పేపర్ బాగా చెప్పే కాలేజీ అయితే ఎక్కువ ఫీజు కట్టినా తప్పు లేదంటాను.

బాగా చెబుతారా అన్నదే అసలు సందేహం. బ్రోచర్‌లో ఆరు స్పెషలైజేషన్లు కనిపిస్తాయి. చాలా కాలేజీల్లో ఒక ఎలెక్టివ్ (పిల్లలు ఎంచుకునే పేపర్) నడవాలంటే ఇంతమంది తీసుకోవాలని లెక్క ఉంటుంది. ఆ సంఖ్య రాకపోతే అందరినీ మార్కెటింగ్‌లోనో, ఫైనాన్స్‌లోనో కలిపేస్తారు. ఇది బ్రోచర్‌లో ఉండదు, ఆఫీసులో అడిగినా తేల్చి చెప్పరు. మూడో ఏడు చదివే పిల్లల్నే అడగాలి. "పోయినేడు మీ క్లాసులో ఈ స్పెషలైజేషన్ నడిచిందా? ఎవరు చెప్పారు? ఇంటర్న్‌షిప్‌కు ఎక్కడికి పంపారు?" ఈ మూడూ అడిగితే చాలు. 2024-25 నుంచి బీబీఏలు కూడా సాంకేతిక విద్యను చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి కాబట్టి ఆ అనుమతి ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఇక అనుభవం సంగతి. ఇందులో బెంగళూరుదే పైచేయి అని అందరూ అంటారు, చాలావరకు నిజమే. యాడ్ ఏజెన్సీలు, ఆన్‌లైన్ ఫ్యాషన్ కంపెనీలు అక్కడున్నాయి. సినిమా, టీవీ వైపు పోవాలంటే హైదరాబాద్, చెన్నై. అలాగని తిరుపతిని తీసిపారేయడానికీ లేదు. ముహూర్తాలున్న నెలల్లో ఈ ఊళ్లో రోజుకు ఎన్ని పెళ్లిళ్లవుతాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 2008 నుంచి నడుస్తున్న టీటీడీ టీవీ చానల్ ఎస్వీబీసీ ఇక్కడే ఉంది. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ లక్షలమంది జనం, వాహన సేవల ముందు ఎన్నో ప్రాంతాల కళాబృందాలు. తాతయ్యగుంట గంగమ్మ జాతర, కాణిపాకం ఉత్సవాలు సరేసరి. జనాన్ని, సమయాన్ని, సరుకును ఒకేసారి చూసుకోవడం నేర్చుకోవాలంటే ఇంతకన్నా పెద్ద బడి ఏముంది?

మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్‌తో కలిపి 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఎంతో మంచి అవకాశం. కానీ నా దగ్గరకొచ్చే పిల్లల్లో చాలామంది "సర్టిఫికెట్ ఇస్తే చాలక్కా" అంటారు. ఒకమ్మాయి మాత్రం నాలుగు నెలలు నిజంగా పనిచేసింది. ముహూర్తం రోజు చామంతి ధర ఎంత పెరుగుతుందో తేదీలవారీగా పుస్తకంలో రాసిపెట్టింది. ఇప్పటికీ నేను కొటేషన్ ఇచ్చే ముందు ఆ పుస్తకం తీసి చూస్తాను.

మా అన్న "అప్పు చేసైనా పంపుతా" అంటుంటే ఆ లెక్కా వేసి చూపించాను. 10 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అంటే నెలకు 13,200 పైనే కట్టాలి. మా పనిలో కొత్తగా చేరే డిగ్రీ పిల్లలకు తిరుపతిలో నెలకు 15 వేలు ఇస్తున్నాం. పెద్ద ఊళ్లో ఇంకొంచెం ఎక్కువే వస్తుంది గానీ, గది అద్దెకు అది సరిపోతుంది. కంతు టెన్షన్‌తో మొదలయ్యే పిల్ల, ఏ ఉద్యోగం ముందు దొరికితే అందులో చేరుతుంది. ఇష్టపడి చదివిన రంగం పక్కకు పోతుంది.

ఇంకో దారీ ఉంది. ఇక్కడ బీబీఏ చేసి, పీజీకి ఆ రంగం ఎంచుకోవడం. అహ్మదాబాద్‌లోని మైకా 1991 నుంచి కమ్యూనికేషన్, బ్రాండింగ్‌కు పేరున్న సంస్థ. దానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాయడానికీ జనరల్ కేటగిరీలో 50 శాతం మార్కులతో ఏ డిగ్రీ ఉన్నా చాలు. 18 ఏళ్లకు ఫ్యాషనా, సినిమానా అని తేల్చుకోలేని పిల్లలకు ఈ మూడేళ్ల వ్యవధి మంచిదే.

బెంగళూరు వైపు బలంగా నిలబడే మాట ఒకటుంది, అది దాచను. ఊరు దాటి, రకరకాల పిల్లల మధ్య చదివితే వచ్చే ధైర్యం ఇక్కడ రాదు. బెంగళూరు క్లయింటు ఫోన్ చేసి ఇంగ్లిష్‌లో మాట్లాడితే మొదటి మూడేళ్లూ నాకు గొంతు తడారిపోయేది. ఆ లోటు నేను అనుభవించాను. అప్పు అక్కర్లేని ఇల్లయి, ఈ రంగం మనుషులెవరూ తెలియని పిల్లయి, కోరిన స్పెషలైజేషన్ నిజంగా నడిపే కాలేజీ దొరికితే బెంగళూరుకే పంపమంటాను. ఆడపిల్ల కదా అని ఆపడం నాకు ఒప్పుదల కాదు.

మా పాప పరిస్థితి అది కాదు. దాని చుట్టూ పని ఉంది. ఆ ఆదివారమే ఒక లెక్క వేయించాను. పక్క వీధిలో అది పెద్దమ్మా అని పిలిచే ఆవిడ వేసిన ఒక కలంకారీ చీర. గుడ్డ 1,400. కరక్కాయ, పాలు, పటిక, బెల్లమూ ఇనుమూ ఊరబెట్టిన నల్లరంగు, మిగతా రంగులు కలిపి 600. కరక్కాయ పాలలో ముంచి ఆరబెట్టడం మొదలు ఆఖరి ఉతుకు దాకా 18 రోజులు. షాపతను ఇచ్చింది 9,000. ఖర్చు పోగా 7,000 మిగిలింది. రోజుకు 389 రూపాయలు. అదే చీర షాపు వెబ్‌సైట్‌లో 22,000కు పెట్టి ఉంది. ఫోన్‌లో ఆ ధర చూసి పాప చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెద్దమ్మకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదా అత్తా?" అంది.

ఆ వారంలోనే బెంగళూరు కాలేజీలో మూడో ఏడు చదివే అమ్మాయి నంబర్ సంపాదించి మాట్లాడింది. ఈవెంట్ స్పెషలైజేషన్ అడిగింది తొమ్మిదిమందేనట, అందరినీ మార్కెటింగ్‌లో కలిపేశారట. దాంతో మా అన్న కూడా సరేనన్నాడు. డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ ఫారంలో మొదటి ఆప్షన్‌గా తిరుపతి బీబీఏ పెట్టాం. బెంగళూరుకు కట్టాలనుకున్న దాంట్లో కొంత స్పోకెన్ ఇంగ్లిష్‌కు, కొంత తర్వాత పీజీకి అని వదిన విడిగా తీసిపెట్టింది.

పాప ఆదివారాలు పెద్దమ్మ దగ్గర కూర్చొని చీర చీరకూ లెక్క పుస్తకం రాస్తోంది. పోయిన వారం షాపతను వస్తే పెద్దమ్మ మొదటిసారి 12,500 చెప్పింది. అతను ఆలోచించుకొని వస్తానని వెళ్లాడు, ఇంకా రాలేదు. చీర మడతపెట్టి బీరువాలో ఉంచారు.