నెల్లూరులో మంచు చూసొచ్చాం

నెల్లూరు వెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట. రూములోకి వెళ్లగానే దుప్పటి మీద అరచెయ్యి ఆనించి చూడండి. డబ్బు ఆ తర్వాతే కట్టండి.

డిసెంబరు రెండో వారంలో గుంటూరు నుంచి రైల్లో వెళ్లాం. నేను, మావారు, అత్తయ్య. అత్తయ్యకు రంగనాయకుల దర్శనం కావాలి, నాకు ఒక బొమ్మ చూడాలి. ఎనిమిదో తరగతిలో మాకు డ్రాయింగ్ చెప్పిన మాస్టారు వేసిన మంచు బొమ్మ అది. ఆయన పోయి మూడేళ్లయింది. అల్లూరులో వాళ్లింట్లో అది ఇంకా గోడకే ఉందని తెలిసి బయల్దేరాను.

స్టేషన్ దగ్గర లాడ్జిలో రూము ఫోన్లో బుక్ చేశాం, ఏసీ, 1,680 రూపాయలు. తీరా వెళ్లాక కౌంటర్లో కుర్రాడు "అది నాన్ ఏసీ రేటండీ" అని ఇంకో 500 అడిగాడు. రాత్రి పదిన్నర, బయట వాయుగుండం వాన, పక్కన మోకాళ్ల నొప్పులతో అత్తయ్య. కట్టాం. రూములో గోడంతా పెయింటు బుడగలు లేచి ఉంది. దుప్పటి ఆరకముందే తెచ్చి పరిచినట్టు చల్లగా తగిలింది. గీజర్ లైటు వెలుగుతుంది, నీళ్లు వేడెక్కవు. పొద్దున్నే బకెట్ 40 చొప్పున రెండు బకెట్ల వేడినీళ్లు కొనుక్కున్నాం. రాత్రి ఇరవై నాలుగు గంటలు అన్నవాళ్లే పొద్దున పదికల్లా ఖాళీ చెయ్యమన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. ఎక్స్‌ట్రా బెడ్ 300తో కలిపి మొత్తం 2,560. బిల్లు అడిగితే చీటీ మీద అంకె రాసిచ్చారు. చెకౌట్ టైమేంటో, ఎక్స్‌ట్రా బెడ్ ఎంతో ముందే రాయించుకోండి, మొహమాటపడొద్దు.

"ఒక్క బొమ్మ కోసం ఇంత అవస్థా?" అంది అత్తయ్య. తర్వాత ఆ పూటంతా మాట్లాడలేదు.

ఆ రోజు మిగతాదంతా సాఫీగానే జరిగింది. వేరే లాడ్జి 1,900, పొడి పక్కలు. గుడి, అద్దాల మండపం, పెన్నా ఒడ్డు. ఒక మెస్సులో 220కి భోజనం, బొమ్మిడాయిల పులుసు. ముందురోజు పులుసు ఉందా అని అడిగి వేయించుకోండి, పుల్లమామిడి ముక్క బాగా దిగి ఉంటుంది.

మర్నాడు అల్లూరుకు కారు, రానుపోను 2,200. కోవూరు దాటాక రెండు వైపులా మడుల నిండా నీళ్లు, నాట్లు వేస్తున్నారు. మాస్టారి భార్యకు డెబ్బై దాటుంటాయి. "నువ్వు ఎనిమిదో తరగతి పిల్లవా? ఎంత పెద్దదానివైపోయినావమ్మా" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

బొమ్మ 22 అంగుళాల వెడల్పు, 15 ఎత్తు. మూల పెన్సిల్‌తో 1987 అని ఉంది. దేవదారు చెట్లు, ఒక కొయ్య ఇల్లు, ఇంటి దాకా వెళ్లి ఆగిపోయిన బాట. ట్యూబులైటు ఆపమని అడిగాను. కిటికీ వెలుతురులో అద్దం మీద మెరుపు పోయి మంచు కనిపించింది. నీటిరంగుల్లో తెలుపు వెయ్యరు, కాగితాన్ని వదిలేస్తారు. "తెల్ల రంగు బిళ్ల ఇంట్లో పెట్టి రండి" అని క్లాసులో ఆయన రోజూ చెప్పేవారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇక్కడ పైకప్పు మీద మందంగా పేరుకున్న మంచంతా ఆయన ముట్టుకోని కాగితమే! దాని కింద సన్నని నీలిఊదా నీడ ఒక్కటే గీశారు. ఆ నీడ వల్లే అంత బరువూ కనిపిస్తోంది. ఒక్క కిటికీకి మాత్రం పసుపు.

ఆకాశంలో చిన్న చిన్న నక్షత్రాల్లా తెల్లటి మచ్చలు, రాలుతున్న మంచు. కుంచెతో పెట్టినవి కావు.

"అది ఉప్పమ్మా," అందామె. "ఇసకపల్లి కల్లుప్పు. రంగు తడి ఆరకముందే చల్లేవోరు. నన్ను ఫ్యాను ఆపమనేవోరు."

తడి రంగు మీద ఉప్పు వేస్తే ఒక్కో గల్లు చుట్టూ ఉన్న నీటినీ రంగునీ పీల్చుకుంటుంది, ఆరాక దులిపితే ఆ చోట తెల్లగా విచ్చుకుంటుంది. ఆయన జన్మలో మంచు చూసింది ఒక్కసారే. కాల్కా నుంచి 96 కిలోమీటర్ల చిన్న రైల్లో సిమ్లా వెళ్లి, అక్కడ పెన్సిల్‌తో గీసుకుని, ఇంటికొచ్చి ఎండాకాలంలో ఇది వేశారట.

అప్పటిదాకా గడప దగ్గరే నిలబడ్డ అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని దగ్గరికొచ్చింది. "మా పుట్టింటి దగ్గర ఉప్పు కొఠార్లు తెల్లారుజామున ఇట్లాగే ఉండేవి" అని చాలాసేపు చూసింది.

నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. దులపగా మిగిలిన ఉప్పు వానాకాలంలో చెమ్మ లాగుతూనే ఉంటుంది. కాగితం అద్దానికి తగలకుండా మధ్యలో పెట్టే అట్ట, అంటే మౌంటు బోర్డు, లేకుండా నేరుగా అద్దానికి ఆనించి ఫ్రేము కట్టారు. ఎడమవైపు గోధుమరంగు చుక్కలు, అంటే బూజు. కింద ఒకచోట కాగితం అద్దానికి అతుక్కుంది. నెల్లూరులో ఫ్రేములు కట్టే ఒకాయనకు ఫోన్ చేస్తే, తడిపి లాగితే ఊడొస్తుందమ్మా, 850 అవుతుంది అన్నాడు. నీటిరంగుల బొమ్మను తడపడమా! ఎవరింట్లో ఇలాంటిదున్నా ఆ పని చెయ్యనివ్వకండి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో కన్జర్వేషన్ విభాగం ఉంది, ముందు వాళ్లను సలహా అడుగుతానన్నాను. మాస్టారి భార్య సరేనంది, బొమ్మను ఇల్లు దాటించడానికి మాత్రం ఒప్పుకోలేదు.

మావారు స్టూలెక్కి ఫ్రేము దించారు. వెనక గోడ తడిసి, సున్నం పొట్టు రాలింది. వాన కొట్టే గోడ అది. లోపలి గదిలో, ఎండ పడని గోడకు కొత్త మేకు కొట్టి తగిలించి, ఫ్రేముకూ గోడకూ మధ్య గాలాడేలా వెనక నాలుగు మూలలా బెండుముక్కలు అతికించాం. సంక్రాంతి వెళ్లాక వానలు తగ్గుతాయి. అప్పుడు మళ్లీ వెళ్లాలి, మౌంటు బోర్డు నేనే తీసుకెళ్తాను. అత్తయ్య తనూ వస్తానంటోంది.