బార్టన్ స్ప్రింగ్స్ పూల్: నా ఓటు జనవరికే

టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఊట నీళ్ళ ఈతకొలను బార్టన్ స్ప్రింగ్స్ గురించి ఎవరిని అడిగినా ఎండాకాలం కబుర్లే చెబుతారు. కొన్నేళ్లుగా అన్ని కాలాల్లోనూ వెళ్తున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, దాని అసలు మజా చలికాలంలోనే.

ఇక్కడ హీటర్ లేదు, క్లోరిన్ లేదు. సున్నపురాతి పగుళ్లలో ఇంకిన వాన నీరు ఊటలుగా పైకొచ్చి, మూడెకరాల పూల్ నింపి, కట్ట దాటి పోతూ ఉంటుంది. ఏడాది పొడవునా 20, 21 డిగ్రీల సెల్సియస్ దగ్గరే. ఆగస్టులో దూకితే ఒళ్ళు జివ్వుమంటుంది.

ఓ జనవరిలో మా అత్తమామలు కొవ్వూరు నుంచి వచ్చారు. చూపిద్దామని పొద్దున్నే తీసుకెళ్లాను. బయట 4 డిగ్రీలు, నీళ్ళ మీద ఆవిరి లేస్తోంది. మామగారు మెట్ల మీద కూర్చుని పాదాలు ముంచి చూశారు. "నూతి నీళ్ళేనండీ అల్లుడుగారూ, వెచ్చగా ఉన్నాయి!" అన్నారు. జలుబు చేస్తుందండీ అని నేను అంటూనే ఉన్నాను, నా షార్ట్స్ అడిగి తీసుకుని దిగిపోయారు. గట్టు మీద నుంచి అత్తయ్యగారి తిట్లు, నీళ్ళలో ఆయన గోదారి ఈత. లైఫ్‌గార్డ్ కూడా నవ్వాడు. ఇక నేనూ దిగక తప్పలేదు. నిజంగానే వెచ్చన! భూమి లోపలి నుంచి వచ్చే నీటికి పైన చలితో పనేముంది?

వెచ్చన అన్నాను గానీ, అది మొదటి పది నిమిషాల మాట. తర్వాత వణుకు మొదలవుతుంది. బయటికొచ్చి, ఆ గాలికి తడి ఒంటితో బట్టలు మార్చుకునే గదుల దాకా నడవడం మరీ నరకం. 1947 నాటి ఆ భవనానికి ఇప్పుడు జోన్ మీన్స్ ఖబేలే పేరు పెట్టారు. నల్లజాతి వాళ్ళను ఇందులోకి రానివ్వని రోజుల్లో, 1960లో, స్కూల్ పిక్నిక్‌కి వచ్చి నీళ్ళలోకి దూకిన అమ్మాయి ఆవిడ. మామగారు నీళ్ళకన్నా ఆ కథే ఎక్కువసేపు అడిగారు.

నాచు విషయం కూడా చెప్పాలి. అడుగు రాళ్ళు విపరీతంగా జారుతాయి. మందులు చల్లి వదిలించే వీల్లేదు, ఈ ఊటల్లో బతికే బార్టన్ స్ప్రింగ్స్ సాలమాండర్ (బల్లిలా కనిపించే చిన్న ఉభయచరం) 1997 నుంచి అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో ఉంది. అందుకే గురువారం పగలంతా మూసి శుభ్రం చేస్తారు. గట్టి వానలొచ్చి వాగు కట్ట మీదుగా పొర్లితే బురద తీసేదాకా ఎవరినీ దిగనివ్వరు. మాకు ఒక దసరా సెలవు అలాగే పోయింది, ఆ కోపం ఇంకా ఉంది.

మా ఇల్లు దగ్గర, పిల్లలు పెద్దవాళ్ళు, కాబట్టి మాకు కుదిరింది. నడక నేర్చే పిల్లలుంటే ఆస్టిన్‌లోనే ఉన్న డీప్ ఎడ్డీ పూల్ నయం, అక్కడ కాంక్రీటు నేల. ఆస్టిన్ అడ్రస్ లేకపోతే టికెట్ కూడా ఎక్కువే. శివారు ఊరు రౌండ్ రాక్ నుంచి ఎండాకాలం వీకెండ్‌లో వద్దామనుకుంటే మాత్రం పార్కింగ్ తిప్పలకు సిద్ధపడండి. నేనైతే రాను.